ఆరు గుండీలు, జానెడు గుడ్డ

ఆటో ఎక్కేముందు డ్రైవర్ని ఒక్కటే అడుగుతాను. "బాబూ, ఆ పాటలు కాస్త ఆపుతావా?" కొందరు ఆపుతారు. కొందరు మొహం చిట్లించి సౌండు తగ్గిస్తారు. ఒకడైతే, "ఏంది పెద్దాయనా, పాటలంటే నీకంత మంట?" అన్నాడు. పాటలంటే నాకేం మంట, నా తలకాయ. పాటకీ పాటకీ మధ్య ఎప్పుడు ఆ ఏడుపు వస్తుందోనని భయం. నిజానికి ఈమధ్య దాన్ని ఎవరూ పెట్టడం లేదు. అయినా అడుగుతాను. ఆ ఏడుపుకి మాటలు రాసినవాణ్ణి నేనేనని ఒక కాగితం ఉంది. దాని కింద నా సంతకం ఉంది.

ఆ సంతకం ఎలా పడిందో చెప్పాలంటే ముందు మా కొట్టు గురించి చెప్పాలి. మా నాయన దర్జీ, నేనూ దర్జీనే. మేం సాయిబులమే గానీ తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే. మార్టూరు బస్టాండుకి దగ్గర్లో ఒంటిగది కొట్టు. చుట్టూ రాళ్ళు కోసే ఫ్యాక్టరీలు, పాలిష్ పట్టే షెడ్లు. ఆ తెల్లదుమ్ము మిషను మీద, కత్తెర మీద, మా కనుబొమల మీద కూడా ఉండేది. నల్లప్యాంటు కుడితే ఇచ్చేముందు రెండుసార్లు దులిపి ఇవ్వాలి.

నాయనకి ఒక పట్టుదల ఉండేది. చొక్కా కుట్టగా గుడ్డ మిగిలితే, అది జానెడు ముక్కయినా సరే, చుట్ట చుట్టి ఆ చొక్కా జేబులోనే పెట్టి ఇవ్వాలి. ఊళ్ళో మిగతా దర్జీలు ఆ ముక్కలతో దిండు గలీబులు కుట్టి అమ్ముకునేవాళ్ళు. మా కొట్లో ఆ మాట ఎత్తితే నాయన కత్తెర కింద పెట్టి మరీ తిట్టేవాడు. "గుడ్డ వాళ్ళది, కుట్టు మనది. కుట్టుకి డబ్బులు గట్టిగా అడుగు, తప్పులేదు. గుడ్డ మాత్రం మన దగ్గర మిగలకూడదు," అనేవాడు. నేను చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన మాట ఇది. విన్నంత మాత్రాన ఒంటబడితే ఇంకేం.

నాకేమో నాటకాల పిచ్చి. మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వేసవి వస్తే నాటక పరిషత్తులు జరుగుతాయి కదా, వాటికి నాటికలు రాసేవాణ్ణి. పాత కొలతల పుస్తకాల్లో వెనకపేజీల నిండా నా డైలాగులే. మిషను తొక్కుతూ తొక్కుతూ మధ్యలో ఆపి రాసుకునేవాణ్ణి. దాంతో కుట్టాల్సినవి కుప్పపడేవి. "రేపు రండి" అనే మాట ప్రతి దర్జీకీ అలవాటే. నాకది ఊతపదం.

తొంభైల చివర్లో ఒక ఏడాది పత్తికి పచ్చపురుగు పట్టింది. మందు మీద మందు కొట్టినా పురుగు దిగలేదు. అప్పుడే మా పక్క పల్లె రైతు ఒకాయన, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, లేతనీలం మీద సన్నగీతలున్న గుడ్డ తెచ్చాడు. బావమరిది పెళ్ళికి చొక్కా కావాలి. బుధవారానికల్లా ఇచ్చెయ్యమన్నాడు. ఆ వారంలోనే నేను పరిషత్తుకి నాటిక పంపాలి. చొక్కా కత్తిరించాను, కుట్టాను, కాలరు కూడా వేశాను. కాజాలు, గుండీలు మిగిలాయి.

బుధవారం వచ్చాడు. "రేపు రండన్నా" అన్నాను. గురువారం వచ్చాడు. నేను ఆఖరి సీను మధ్యలో ఉన్నాను. తల ఎత్తకుండానే "రేపు" అన్నాను. ఆయన వెంటనే పోలేదు. స్టూలు మీద కాసేపు కూర్చున్నాడు. "మందు కొట్టినా పురుగు చావట్లేదు సాయిబూ," అన్నాడు. నేను "ఊఁ" కొట్టాను. "పెళ్ళికి పోతే నలుగురిలో కాస్త బాగుండాలి గదా," అన్నాడు. దానికీ "ఊఁ" కొట్టాను. పోతూపోతూ చొక్కాని ఓసారి చేత్తో తడిమి చూసుకున్నాడు. శుక్రవారం రాలేదు. శనివారం పొద్దున ఆ ఊరి మనిషి సైకిలు మీద వచ్చి, ఆయన పురుగుమందు తాగాడని, ఆస్పత్రి నుంచి శవాన్ని తెస్తున్నారని, పైన వెయ్యడానికి కొత్తబట్ట కావాలని చెప్పాడు.

చొక్కా ఇచ్చి ఉంటే పెళ్ళికి పోయేవాడేమో. అక్కడ నలుగురూ కలిసేవాళ్ళేమో, ఎవరైనా మంచిమాట చెప్పేవాళ్ళేమో, ఆ రెండు రోజులూ గడిచిపోయేవేమో. చొక్కాకీ చావుకీ ఏం సంబంధమని మా ఆవిడ నన్ను చాలాసార్లు కసిరింది. సంబంధం లేకపోవచ్చు. నేను మాత్రం ఆ "రేపు" అన్నమాటని ఇన్నేళ్ళుగా వెనక్కి తీసుకోలేకపోతున్నాను.

చొక్కా నేనే పట్టుకెళ్ళాను. గుండీలు కుట్టే టైము లేదు. కొట్లో రేకుడబ్బాలో ఆ చొక్కా కోసం తీసిపెట్టిన ఆరు గుండీలు, మిగిలిన జానెడు గుడ్డా అలాగే ఉండిపోయాయి. వాళ్ళింటి ముందు పందిరేశారు. పక్క కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకి ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే దగ్గుతున్నారు. ఆస్పత్రిలో కోసి కుట్టిన శరీరం, చొక్కా తొడగడానికి వీల్లేదు. పైన కప్పారు. గుండీలు లేవు కదా, గాలి వచ్చినప్పుడల్లా చొక్కా రెండుపక్కలకీ తొలిగిపోతోంది. ఆయన భార్య దాన్ని దగ్గరికి లాగుతోంది. మళ్ళీ తొలిగిపోతోంది. మళ్ళీ లాగుతోంది.

అలా లాగుతూ లాగుతూ ఆవిడ శోకం ఎత్తుకుంది. మావైపు ఆడవాళ్ళు చావింట్లో రాగం తీసి ఏడుస్తారు, పోయినవాళ్ళతో మాట్లాడుతున్నట్టే మాటలు కట్టి ఏడుస్తారు. "గుండీలైనా పెట్టించుకోకుండా పోతున్నావే, తెల్లారగట్ల చేలో మంచు పడుద్ది, గుండె కప్పుకోమని నీకెవరు చెప్తారు," అంది. అలా చాలాసేపు. మధ్యలో ఆయన్ని ఒక పిలుపు పిలిచింది. పేరు కాదు. మా పల్లెల్లో మొగుడిని ఆడవాళ్ళు ఎలా పిలుస్తారో నాకు తెలుసు, ఇది అలాంటిది కాదు. వాళ్ళిద్దరి మధ్య మాత్రమే ఉండే పిలుపని విన్నవెంటనే తెలిసిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా ఒక క్షణం తల తిప్పి చూశారు.

నేను గోడవారన నిలబడి ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనే, చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెప్పాలి, మాటలన్నీ వరసగా బుర్రలోకి ఎక్కించుకుంటున్నాను. ఇంటికొచ్చి అన్నం తినకుండా రాసుకున్నాను. ఒక్క ముక్క పోలేదు.

మరుసటి వేసవికి అది నాటికయింది. ఆ పిలుపు మాత్రం నాటికలో పెట్టలేదు. చెయ్యి రాలేదు. అయినా ఏం, మిగతాదంతా పెట్టానుగా. మొదటి ప్రదర్శనకి నాయనని తీసుకెళ్ళాను. చప్పట్లు మోగిపోయాయి. ఉత్తమ రచన బహుమతి వచ్చింది. నా కళ్ళు నెత్తికెక్కాయి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన అడిగాడు.

"ఆ ఏడుపు ఆ అమ్మాయిదేగా?"

"అవును నాయనా."

"అడిగే తెచ్చావా?"

"అడిగాను," అన్నాను.

నాయన కిటికీలోంచి చూస్తూ, "డబ్బాలో వాళ్ళ ముక్క ఉంది. అది ఇచ్చేశావా మరి?" అన్నాడు. ఇస్తానన్నాను. ఇవ్వలేదు. ఏ మొహం పెట్టుకుని పోను? నాయన పోయేదాకా ఇంకో రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ నీళ్ళు నమిలాను. కొట్లో మిగిలిన గుడ్డ అదొక్కటే.

నాటిక బాగా ఆడింది. నాటకాల వాళ్ళకి ఒక మర్యాద ఉంది, అది కొంచెం చెప్పాలి. అచ్చేసిన నాటిక మొదటి పేజీలో, ప్రదర్శించదలచినవారు రచయిత అనుమతి పొందాలని ఉంటుంది. ఏ ఊరి సమాజం ఆడాలన్నా ముందు కార్డు రాస్తుంది: అయ్యా, మీ నాటికను ఫలానా తేదీన మా ఊళ్ళో ఆడదలిచాం, దయచేసి అనుమతి ఇవ్వగలరు. వెనకే నూటపదహార్లు మనియార్డరు వస్తుంది. ఎన్నిసార్లు ఆడితే అన్ని కార్డులు, అన్ని నూటపదహార్లు. పోస్టుమాను డబ్బు చేతిలో పెట్టి, ఫారం చివర రాసిన రెండు ముక్కలు తనే పైకి చదివేవాడు. దాచేపల్లి నుంచి సిమెంటు ఫ్యాక్టరీ కార్మికులు రాసిన కార్డు నా దగ్గర ఇంకా ఉంది. ఆ నూటపదహార్లకి బియ్యం బస్తా రాదు. అయినా నేను రాసింది ఎక్కడో ఎవరో ఆడుతున్నారని, ఆడిన ప్రతిసారీ నన్ను తలుచుకుంటున్నారని తెలిసేది. నాకు అదే పెద్ద గర్వం.

రెండువేల సంవత్సరం దాటాక వీసీడీలు వచ్చాయి. ఒంగోలులో కేబుల్ నడిపే ఒకాయన నా నాటికని టెలిఫిలిం తీస్తానన్నాడు. స్క్రీన్‌ప్లే, మాటలు నేనే రాయాలి. ఆయన్ని అందరూ ప్రొడ్యూసరు గారనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. మూడు నెలలు రాశాను. పత్తిరైతు కథలో కొత్తపట్నం సముద్రం ఎందుకండీ అని అడిగితే, "ఖర్చు లేని లొకేషనయ్యా," అన్నాడు. సరే, సముద్రం రాశాను. రాసినందుకు మొత్తం కలిపి ఒక్కసారి డబ్బిచ్చాడు. రెండు మిషన్లు కొనుక్కునేంత. అప్పటికి అది నాకు ఎక్కువే అనిపించింది.

ఏడుపు సీను తీసేరోజు వేషం వేసినావిడ మూడుసార్లు చేసినా ప్రొడ్యూసరుకి నచ్చలేదు. "నాటకం లాగుంది సాయిబు గారూ. కెమెరా దగ్గరగా ఉంటుంది, ఇంకేదో కావాలి. మీ దగ్గర ఇంకేం లేదా?" అన్నాడు. అందరూ నావైపు చూస్తున్నారు. ఉంది. నా దగ్గర ఉంది. ఆరేళ్ళు దాచుకున్నది. నేనే కింద కూర్చుని, చొక్కా దగ్గరికి లాగుతూ, ఆ రాగం తీసి, ఆ పిలుపు పిలిచి చూపించాను. వేషం వేసినావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఇది ఎలా రాశారండీ?" అని అడిగింది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

వీసీడీలు అమ్ముడుపోయాయి. కేబుల్లో పండక్కీ పబ్బానికీ వేసేవాళ్ళు. కార్డు లేదు, మనియార్డరు లేదు. అడగడానికి పోతే ప్రొడ్యూసరు, "ఇచ్చాం గదయ్యా ఒకసారి," అన్నాడు. గారు ఎగిరిపోయింది చూశారా. ఊరుకున్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి గుంటూరులో గుడ్డలు కొనడానికి పోయి, తెలిసినవాళ్ళ నెట్‌సెంటర్లో కూర్చుంటే, కంప్యూటర్లో నా టెలిఫిలిం కనపడింది. ఎవరు కావాలంటే వాళ్ళు, ఏ దేశంలో ఉన్నా నొక్కి చూసుకోవచ్చట. కింద ఎంతమంది చూశారో అంకె ఉంది. ఐదంకెల సంఖ్య. పేర్లు పడేచోట నా పేరు లేదు. కత్తిరించేశారు.

ఒళ్ళు మండిపోయింది. నాకు తెలిసిన ధర్మం ఒక్కటే, ఆడిన ప్రతిసారీ నూటపదహార్లు. ఇంటికొచ్చి కార్డు తీసుకుని రాశాను: అయ్యా, మీరు మా నాటికను ఇంటర్నెట్టులో ఇన్నివేలసార్లు ప్రదర్శించారు, ఒక్కసారీ అనుమతి కోరలేదు, ప్రదర్శనకు నూటపదహార్ల చొప్పున పంపగలరు. లెక్క వేస్తే ఆ డబ్బుతో మార్టూరులో సగం రాళ్ళ ఫ్యాక్టరీలు కొనొచ్చు. ప్రొడ్యూసరు ఆ కార్డుని ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడట. వారంపాటు నవ్వుకున్నారట. నేను పోతే కుర్చీ వేసి టీ ఇచ్చి మరీ నవ్వాడు.

"ఒకడు నొక్కి చూసుకుంటే ప్రదర్శన అవుద్దా? టిక్కెట్టు ఉందా, మైకుసెట్టు ఉందా?"

"చూసింది నా కథేగా. నొక్కినప్పుడల్లా మీకు ఎంతో కొంత వస్తుందంటగా. అందులో నాకు రాదా?"

"నీ కథేంటయ్యా. అందులో జనం చూసేది ఏడుపు సీను. అది నువ్వు రాశావా? ఎవరో ఆడమనిషి ఏడిస్తే రాసుకొచ్చావని మీ పక్కూరోళ్ళే చెప్పారు. దానికి నీకేం ఇవ్వాలి?"

తల కొట్టేసినట్టయింది. టీ అక్కడే పెట్టేసి వచ్చేశాను. బస్సులో మాత్రం ఊరుకోలేదు. విన్నది రాయడం తేలికా? ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ముందు ఏం జరిగితే ఆ ఏడుపు గుండెకి తగులుతుందో, అదంతా ఎవరు చేశారు? పక్కన కూర్చున్న ఆయన నా గొణుగుడు భరించలేక వేరే సీటుకి మారిపోయాడు.

ఏడాది తిరక్కుండా ప్రొడ్యూసరే మా కొట్టుకి వచ్చాడు. కారు దిగి, స్టూలు మీద కూర్చుని, మళ్ళీ "సాయిబు గారూ" అన్నాడు. విదేశాల్లో తెలుగువాళ్ళు డబ్బు కట్టి చూసే సైటు ఒకటి పెట్టారట. వాళ్ళకి మా టెలిఫిలిం కావాలట. కానీ రాసినవాడు సంతకం పెట్టకపోతే తీసుకోరట. నాకు ప్రాణం లేచొచ్చింది. నాటకాల్లో పరిచయమైన వకీలు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన, "ఇంకోసారి గంపగుత్తకి ఒప్పుకోకు. చూసినప్పుడల్లా వాటా అడుగు, పేరు వెయ్యమను," అన్నాడు. అదే అడిగాను. ప్రొడ్యూసరు గింజుకున్నాడు, అరిచాడు, లేచిపోయాడు, నాలుగు రోజులకి మళ్ళీ వచ్చి ఒప్పుకున్నాడు. పేరు వేస్తారు. మూడు నెలలకోసారి నా వాటా బ్యాంకులో పడుతుంది. వచ్చే సోమవారం గుంటూరులో సంతకాలు.

ఆ శనివారం మధ్యాహ్నం వదిన కొట్టుకి వచ్చింది. వదినంటే ఆ నీలంచొక్కా అన్న భార్యే. పొలం పోయాక మిరపకోతలకి కూలికి పోతోందని తెలుసు గానీ, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా కొట్టు గుమ్మం తొక్కలేదు. "నామీద నాటకం రాశాడటలే" అని ఎవరితోనో అన్నదని విన్నాను, అంతే. ఆ నాటకం మాత్రం ఆవిడ చూడలేదు. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మొన్న కోతకి పోయొస్తా ఆటోలో ఇన్నా సాయిబూ," అంది. "ఎవరో ఏడుస్తంటే వెనకాల డప్పులు కొడతన్నారు. అందరూ నవ్వుతున్నారు. నాకు మొదట తెలవలా. నేను కూడా నవ్వా."

నాకు విషయం అర్థమైపోయింది. ఇంటర్నెట్టులోంచి ఆ ఒక్క ముక్క ఎవరో కోసి, దరువు కలిపి, తమాషాగా చేశారు. సెల్లు కొట్ల వాళ్ళు పాటలతో పాటు దాన్నీ మెమొరీ కార్డుల్లోకి ఎక్కించి అమ్ముతున్నారు. నేను కూడా ఒకటి రెండుసార్లు విన్నాను. విన్నప్పుడు నాకొచ్చిన కోపం ఏమిటో తెలుసా? దీనికీ నాకు వాటా రావాలి కదా అని.

"తరవాత ఆ పిలుపు ఇనపడింది," అంది వదిన. "అది ఆయనకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలవదు. ఆ రోజు ఒళ్ళు తెలవక నోట్లోంచి వచ్చేసింది. నువ్వు అక్కడున్నావనే నాకు గుర్తులేదు."

"వదినా, నేను..."

"నాకు డబ్బులేం వద్దు. ఏడుపు ఉంటే ఉండనీ, ఊళ్ళో అందరూ ఏడుస్తారు. ఆ ఒక్క పిలుపు తీయించు. రాత్రిపూట ఆయన్ని తలుచుకుందామంటే ఆ డప్పులే ఇనపడతన్నయ్యి."

"తీయిస్తాను వదినా. సోమవారమే తీయిస్తా," అన్నాను. నిజంగానే అన్నాను. తీయించగలననే అనుకున్నాను.

సోమవారం గుంటూరులో మేడ మీద గది. ప్రొడ్యూసరు, సైటు వాళ్ళ తరఫున వచ్చిన ఒక మనిషి, నేను. కాగితం చదివి వినిపించారు. ఈ టెలిఫిలింలోని కథ, స్క్రీన్‌ప్లే, ప్రతి మాటా నా సొంత కల్పన అని, మరెవరి నుంచీ తీసుకోలేదని, తీసుకున్నట్టు తేలితే వాటా రద్దవుతుందని, ఇచ్చిన డబ్బు తిరిగి కట్టాలని ఉంది. నిన్నటిదాకా అది నువ్వు రాసింది కాదన్న ప్రొడ్యూసరు పక్కనే కూర్చుని తల ఊపుతున్నాడు. నేను గొంతు సవరించుకుని, సంతకం పెడతాను గానీ ఒక చిన్న పని ఉంది, ఏడుపు సీనులో ఒక్క పిలుపు తీసెయ్యాలి అన్నాను.

సైటు మనిషి మర్యాదస్తుడే. "తీయొచ్చండి, రెండు నిమిషాల పని. కానీ ఎందుకు?" అన్నాడు.

"బాగోలేదండి."

"అదే బాగుందని అందరూ అంటున్నారు కదండీ. ఎవరైనా అభ్యంతరం చెప్పారా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "చూడండి, ఆ మాట వేరే ఎవరిదైనా అయితే ఇప్పుడే చెప్పండి. వాళ్ళ సంతకం కూడా తీసుకోవాలి. ఇది మళ్ళీ మొదటి నుంచీ రాయాలి. మీ వాటా సంగతి కూడా అప్పుడు చూద్దాం."

ప్రొడ్యూసరు నావైపు చూస్తున్నాడు. ఆ చూపులో చిన్న నవ్వుంది. నేను అవునంటే ఆయనకి నామీద గెలుపు. వాటా పోతుంది, పేరు పోతుంది, ఇన్నేళ్ళూ నేను ఆయనతో పెట్టుకున్న తగాదా అంతా పోతుంది. ఆవిడదే అని ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది. "ఎవరిదీ కాదండి. నాదే," అన్నాను. "అయితే ఉంచేద్దామా?" అన్నాడాయన. "ఉంచండి," అన్నాను. నాలుగు చోట్ల సంతకం పెట్టాను. ప్రొడ్యూసరు చెయ్యి కలిపాడు.

కిందికి దిగి మెట్ల మీద కూర్చుండిపోయాను.

మూడు నెలలకి డబ్బు పడింది. నూటపదహార్ల మనిషిని, అంత డబ్బు రాతకి రావడం నాకు కొత్త. తీసుకుని, మొత్తం కవర్లో పెట్టాను. రేకుడబ్బా తెరిచి, కాగితం పొట్లంలో ఆరు గుండీలు, చుట్ట చుట్టిన నీలం గుడ్డముక్క తీశాను. అంచు పసుపురంగుకి తిరిగింది గానీ గీతలు అలాగే ఉన్నాయి. సైకిలెక్కి వాళ్ళ ఊరు పోయాను.

వదిన వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను చూసి ఒక పక్కకి జరిగి, చేత్తోనే పీట చూపించింది. నేను కూర్చోకముందే అడిగింది.

"తీశారా?"

"లేదు వదినా."

"తీస్తారా?"

"తియ్యరు."

"ఎందుకని?"

"అది నాదేనని రాసిచ్చాను," అన్నాను. ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. తీరా చూస్తే చెప్పడానికి ఆ ఒక్క ముక్కే ఉంది.

తిడుతుందేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. చేతిలో ఉన్న కాయకి తొడిమ తీసి గంపలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది. నేను కవరు, పొట్లం, గుడ్డముక్క ఆవిడ ముందు పెట్టాను. ఆ నీలం గుడ్డ చూసి ఆవిడ చేతులు ఆగిపోయాయి. లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు పోసుకుని, మిరపఘాటు పోయేదాకా చేతులు రుద్దిరుద్ది కడుక్కుంది. కొంగుకి తుడుచుకుని వచ్చి గుడ్డముక్క తీసుకుంది. విప్పి ఒళ్ళో పరుచుకుంది. పొట్లం విప్పి గుండీలు ఒక్కొక్కటీ దాని మీద పెట్టింది. ఆరు.

"ఇయ్యి మావి," అంది. మళ్ళీ చుట్టి, రవికలో దోపుకుంది.

తర్వాత కవరుని వేలితో నావైపు జరిపింది. "అది నీదే సాయిబూ. నువ్వే రాశావుగా."

కవరు తీసుకుని వచ్చేశాను. ఆ డబ్బుతో మా అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాను. తర్వాత కూడా మూడు నెలలకోసారి పడింది, ప్రతిసారీ తీసుకున్నాను, అబద్ధం ఎందుకు. కొత్తగా రాసే కుర్రాళ్ళు అడిగితే ఇప్పటికీ గట్టిగానే చెబుతాను, చూసిన ప్రతిసారీ మీ వాటా మీకు రావాలి, పేరు పడాలి, ఊరుకోవద్దు అని. ఆ మాటలో తప్పేమీ లేదు. వాళ్ళు కాగితం మీద సంతకం పెట్టేముందు ఇంకోటి కూడా చెప్పాలనుకుంటాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వదిన పోయి నాలుగేళ్ళయింది. పాడె మీద ఆవిడ గుప్పిట్లో ఆ నీలం గుడ్డముక్క ఉందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. నేను పోలేదు. పోతే అక్కడ ఎవరైనా శోకం ఎత్తుకుంటారు, నా చెవులు నా మాట వినవు.

ఇది రాస్తుంటే ఆ పిలుపు నాలుగైదుసార్లు పెన్ను చివరిదాకా వచ్చింది. అది లేకపోతే ఆ సీను సగమే అని నాలోని నాటకాల వాడు ఇప్పటికీ సణుగుతున్నాడు. మొదటి నుంచీ మళ్ళీ ఒకసారి చదివి చూసుకున్నాను. ఎక్కడా రాయలేదు.